కౌంటర్ డ్యూటీ చేస్తూ ఆన్‌లైన్‌లో ఏం నేర్చుకోవచ్చు? పబ్లిక్ లైబ్రరీల్లో పనిచేసేవాళ్లు చెప్పండి

మెట్లపక్కగది

నమస్తే అండీ అందరికీ. నేను పబ్లిక్ లైబ్రరీలో తొమ్మిదేళ్ల నుంచి పనిచేస్తున్నా. లైబ్రరీ సైన్స్ చదివి చాలా కాలమైంది, అప్పుడు నేర్చుకున్న క్లాసిఫికేషన్, కేటలాగింగ్ ఇప్పటికీ రోజూ పనికొస్తున్నాయి, కానీ కౌంటర్ దగ్గరికొచ్చి అడిగేవి మాత్రం మారిపోయాయి. ఫోన్‌లో ఫారం నింపి పెట్టమంటారు, ఈబుక్ ఓపెన్ అవట్లేదంటారు, పాస్‌వర్డ్ మర్చిపోయామంటారు. మొన్న ఒక పెద్దాయన వచ్చి ఫోన్‌లో మెసేజ్ చూపించారు, షుగర్ మందులు మానేసి ఏదో పొడి వాడితే చాలని ఉంది అందులో. "ఇది నిజమేనా అమ్మా, మానేయనా" అని అడిగారు. నాకు గుండె జారిపోయింది. డాక్టర్ని అడక్కుండా మానొద్దండీ అని గట్టిగానే చెప్పా, ఆయన తలూపారు, కానీ వెళ్తూ వెళ్తూ మళ్లీ ఆ మెసేజే చదువుకుంటూ వెళ్లారు. అది ఎక్కడ పుట్టిందో వెతికి ఆయన కళ్ల ముందే చూపించగలిగి ఉంటే నమ్మేవారేమో కదా అని ఆ రోజంతా అదే ఆలోచన.

సరే ఏదైనా నేర్చుకుందామని చూస్తే ఆన్‌లైన్‌లో కుప్పలు తెప్పలుగా ఉన్నాయి. మూడు కోర్సుల్లో చేరా, మూడూ రెండో వారానికే ఆగిపోయాయి. లైవ్ వెబినార్లేమో నాకు అర్ధరాత్రి పడుతున్నాయి. పైవాళ్లని అడిగితే ఇంటి దగ్గర చేసుకోండి, డ్యూటీ టైంలో కుదరదు అన్నారు, ఇంటికెళ్లాక ఎక్కడ కుదురుతుంది చెప్పండి. ఇంకో ఇబ్బంది, నాతో పనిచేసే తమ్ముడు లైబ్రరీ సైన్స్ చదవలేదు, పని మాత్రం చాలా శ్రద్ధగా చేస్తాడు, వాడికి ఇంగ్లీష్ వీడియోలు స్పీడుగా ఉంటే అందవు.

ఫ్రీగా ఉండి నిజంగా డెస్క్ మీద పనికొచ్చేవి ఏవి? మొదలుపెట్టినవి పూర్తి చేయడానికి మీరేం చేస్తున్నారు? సర్టిఫికెట్ ముఖ్యమా? అనుభవం ఉన్నవాళ్లు కాస్త వివరంగా చెప్పండి ప్లీజ్.

రిఫరెన్స్‌డెస్క్

మేడమ్, ఆ పెద్దాయన విషయం చదివి ఆగలేకపోయా, ముందు దాని గురించే చెప్తా, కోర్సుల లిస్టు మిగతావాళ్లు ఇస్తారు.

మీకు కావాల్సింది లేటరల్ రీడింగ్ అనే పద్ధతి, అంటే ఆ పేజీలోనే ఉండిపోకుండా దాని గురించి బయట వెతికి చూడటం. స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీలో శామ్ వైన్‌బర్గ్, సారా మెక్‌గ్రూ అనే ఇద్దరు 2017లో ఒక స్టడీ పెట్టారు, అందులో 10 మంది చరిత్ర ప్రొఫెసర్లని, 10 మంది ఫ్యాక్ట్ చెకర్లని, 25 మంది డిగ్రీ స్టూడెంట్లని కూర్చోబెట్టి వెబ్‌సైట్లు చూపించి నమ్మొచ్చో లేదో తేల్చమన్నారు. బాగా చదువుకున్న ప్రొఫెసర్లు కూడా చాలామంది ఆ పేజీలోనే ఉండిపోయి కింద దాకా చదివారు, లోగో బాగుంది, రిఫరెన్సులు ఉన్నాయి అని మోసపోయారు. ఫ్యాక్ట్ చెకర్లు మాత్రం ఆ పేజీలో ఎక్కువసేపు ఉండలేదు, వెంటనే పక్కన వేరే ట్యాబులు తెరిచి అసలు ఈ సైట్ ఎవరిది, వీళ్ల గురించి బయటవాళ్లు ఏమంటున్నారు అని వెతికారు, తొందరగానూ తేల్చారు, కరెక్ట్‌గానూ తేల్చారు. మనకి చదువు చెప్పినప్పుడు పేజీని మొత్తం జాగ్రత్తగా చదివి చెక్‌లిస్టుతో చూడమన్నారు కదా, నేను కూడా ఏళ్ల తరబడి అలాగే చేశా, ఇది చదివాక అలవాటు మార్చుకున్నా.

దీన్నే, ఆన్‌లైన్ సమాచారం సరిచూడటం నేర్పే మైక్ కాల్‌ఫీల్డ్ గారు సిఫ్ట్ అని నాలుగు అడుగులుగా పెట్టారు: ఆగు, చెప్పేవాళ్లెవరో చూడు, ఇంతకన్నా మంచి చోట దీని గురించి ఏం రాశారో వెతుకు, మొదట ఎక్కడ పుట్టిందో అక్కడికి వెళ్లు. ఆన్‌లైన్‌లో ఫ్రీగానే నేర్చుకోవచ్చు, మూడు నాలుగు గంటల పని అంతే. ఆరోగ్యం ప్రశ్నలకి అమెరికా నేషనల్ లైబ్రరీ ఆఫ్ మెడిసిన్ వాళ్ల నెట్‌వర్క్ లైబ్రరీ స్టాఫ్ కోసమే ఫ్రీ క్లాసులు పెడుతుంది, మెడ్‌లైన్‌ప్లస్ అని మామూలు జనానికి అర్థమయ్యేలా రాసిన సైట్ కూడా వాళ్లదే. అందులో నాకు బాగా పనికొచ్చింది ఏంటంటే మనం ఎక్కడ ఆగాలో స్పష్టంగా చెప్తారు. సమాచారం ఎక్కడుందో చూపించడం, చదివి వినిపించడం మన పని, నీకు ఈ మందు మంచిది కాదు అనడం మన పని కాదు. పెద్దాయనకి మీరు చెప్పింది కరెక్టే మేడమ్, డాక్టర్ దగ్గరికి పంపడమే మన హద్దు. ఈసారి వస్తే పక్కన కూర్చోబెట్టుకుని మీరు వెతుకుతూ ఉంటే స్క్రీన్ ఆయనకి కూడా కనబడేలా పెట్టండి, మౌస్ ఆయన చేతికే ఇస్తే ఇంకా మంచిది.

కేటలాగ్‌కార్డు

పైన చెప్పిందంతా కరెక్ట్. నేను కోర్సుల సంగతి చెప్తా.

మొదట వెబ్‌జంక్షన్ అనే ట్రైనింగ్ సైట్‌లో అకౌంట్ తెరవండి. ఓసీఎల్‌సీ అనే లైబ్రరీల సంస్థ నడుపుతుంది, 2003 నుంచి ఉంది, లైబ్రరీ వాళ్ల కోసమే, ఫ్రీ. మీకు అర్ధరాత్రి పడే లైవ్ వెబినార్ల బాధ లేదు, రికార్డింగులు అన్నీ అక్కడే ఉంటాయి, స్లైడ్లు ఉంటాయి, చాలావాటికి లెర్నర్ గైడ్ అని ఒక వర్క్‌షీట్ కూడా ఇస్తారు. నా మాట వినండి, ముందు ఆ గైడ్ డౌన్‌లోడ్ చేసి ప్రశ్నలు చదివి, తర్వాత వీడియో చూడండి, ఏం వెతుక్కుంటూ చూస్తున్నామో తెలుస్తుంది. మీ తమ్ముడి కోసం క్యాప్షన్లు ఆన్ చేసి స్పీడు 0.75కి తగ్గించండి, ఒక గంట వీడియోని నాలుగు ముక్కలు చేసి చూడమనండి. నాతో పనిచేసే ఒకమ్మాయి అలాగే మొదలుపెట్టి ఇప్పుడు మామూలు స్పీడులోనే చూస్తోంది.

కేటలాగింగ్‌లో మళ్లీ పదును పెట్టుకోవాలంటే లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ సైట్‌లో మార్క్ రికార్డుల (కంప్యూటర్ కేటలాగ్‌లో పుస్తకం వివరాలు రాసే పద్ధతి) గురించి అండర్‌స్టాండింగ్ మార్క్ అని ఒక పాత చిన్న పుస్తకం మొత్తం ఫ్రీగా ఉంది. చూడ్డానికి పాతకాలం పేజీలా ఉంటుంది గానీ అంత సూటిగా చెప్పింది నేను ఇంకోటి చూడలేదు. నా విషయమే చెప్తా. మేం వాడే కేటలాగ్‌లో టైటిల్ వరసలో చూస్తే ఇంగ్లీష్ పుస్తకాలు సగం "ద" కిందే పడి ఉండేవి, ఏళ్ల తరబడి సాఫ్ట్‌వేర్ తప్పు అనుకున్నాం. అది చదివాక తెలిసింది, టైటిల్ రాసే 245 ఫీల్డులో రెండో ఇండికేటర్ అని ఒక అంకె ఉంటుంది, సార్టింగ్‌లో మొదట ఎన్ని అక్షరాలు వదిలేయాలో చెప్పేది అదే. ఇంగ్లీష్‌లో "ద" మూడక్షరాలు, తర్వాత ఖాళీ ఒకటి, మొత్తం 4 వేయాలి, "యాన్" అయితే 3, "ఎ" అయితే 2. మా దగ్గర అన్నింటికీ 0 వేసేశారు. టైటిల్ వరసలో చూసుకునేవాళ్లకి పుస్తకం దొరక్కపోవడానికి కారణం ఆ ఒక్క సున్నా, తప్పు మాదే. రెండు వారాలు కూర్చుని సరిచేశాం.

ఇంకోటి లైబ్రరీ కార్పెంట్రీ, లైబ్రరీ వాళ్లకి డేటా, కంప్యూటర్ పనులు నేర్పే పాఠాలు. 2015లో లండన్‌లో మొదలైంది, పాఠాలన్నీ ఓపెన్‌గా పెట్టారు, టీచర్ లేకుండా మీకు మీరే చేసుకోవచ్చు. అందులో అన్నీ చేయక్కర్లేదు, ప్రోగ్రామింగ్ చూసి భయపడొద్దు, డేటాలో తప్పులు సరిచేసే ఓపెన్‌రిఫైన్ అనే సాఫ్ట్‌వేర్ పాఠం ఒక్కటి చేయండి చాలు. ఒకే రచయిత పేరు, ఒకే పబ్లిషర్ పేరు అయిదు రకాలుగా ఎంటర్ చేసి ఉంటారు కదా, అవన్నీ ఒక చోట పోగేసి చూపిస్తుంది. ఇంటిపేరు ముందు రాసి కామా పెట్టినా, వెనక రాసినా పట్టుకుంటుంది, ఎందుకంటే కామాలు చుక్కలు తీసేసి మాటల్ని వరసలో పెట్టి పోలుస్తుంది. ఇనీషియల్స్ దగ్గర జాగ్రత్త, ఒకచోట చుక్కలతో కలిపి రాసి ఇంకోచోట ఖాళీ ఇచ్చి రాస్తే ఆ మొదటి పద్ధతికి అవి దొరకవు, వేరే పద్ధతి మార్చి చూడాలి. అది మీ కంప్యూటర్‌లోనే నడుస్తుంది, మెంబర్ల డేటా గానీ పుస్తకాల డేటా గానీ బయటికెక్కడికీ పోదు, మీరిచ్చిన అసలు ఫైలు కూడా మారదు.

మీరు కోహా అనే లైబ్రరీ సాఫ్ట్‌వేర్ వాడుతుంటే దాని మాన్యువల్ మొత్తం ఆన్‌లైన్‌లో ఉంది, ప్రాక్టీసుకి డెమో సైట్లు కూడా ఉంటాయి, అక్కడ తప్పులు చేసినా మీ లైబ్రరీ డేటాకి ఏం కాదు.

సాయంత్రంషిఫ్ట్

నేను మీ రెండో ప్రశ్నకే వస్తా మేడమ్, ఎందుకంటే అసలు సమస్య అక్కడే ఉందని నాకు బలంగా అనిపిస్తుంది. మూడు కోర్సులు ఆగిపోయాయంటే అది మీ బద్ధకం కాదు, దయచేసి అలా అనుకోకండి, రోజంతా కౌంటర్లో నిలబడి ఇంటికెళ్లి మళ్లీ స్క్రీన్ ముందు కూర్చోమంటే ఎవరివల్లా కాదు. ఉద్యోగం కోసం నేర్చుకునేది ఉద్యోగం టైంలోనే జరగాలి. ఇది నేను కల్పించి చెప్తున్నది కాదు, ఇఫ్లా అంటే లైబ్రరీల అంతర్జాతీయ సమాఖ్య, వాళ్లు నిరంతర శిక్షణ మీద మార్గదర్శకాలు ఇచ్చారు, రెండో ఎడిషన్ 2016లో వచ్చింది, అందులో పని గంటల్లో సుమారు 10 శాతం స్టాఫ్ నేర్చుకోవడానికి ఇవ్వాలని ఉంది, స్టాఫ్ మీద పెట్టే బడ్జెట్లో కనీసం 0.5 నుంచి 1 శాతం దీనికి కేటాయించాలని కూడా ఉంది. వారానికి 40 గంటలు పనిచేస్తే నాలుగు గంటలన్న మాట. 1994లో ఇఫ్లా, యునెస్కో కలిసి ఇచ్చిన పబ్లిక్ లైబ్రరీ మానిఫెస్టోలోనే లైబ్రేరియన్‌కి నిరంతర విద్య తప్పనిసరి అని రాశారు. ఆ మార్గదర్శకాల పీడీఎఫ్ ఫ్రీగా దొరుకుతుంది, ఆ పేజీ ప్రింటు తీసి పట్టుకెళ్లండి.

నేను అదే చేశా, కానీ నాలుగు గంటలు అడగలేదు, ఇవ్వరని తెలుసు. జనం బాగా తక్కువ ఉండే ఒక గంట ఏదో నెల రోజులు కౌంటర్ రిజిస్టర్ చూసి లెక్కేశా. మాకది బుధవారం పొద్దున మొదటి గంట. ఆ ఒక్క గంట అడిగా, ఒకళ్లు కౌంటర్‌లో ఒకళ్లు లోపల గదిలో, వారం మార్చి వారం. నేర్చుకున్నది ఆ శుక్రవారమే పది నిమిషాల్లో మిగతావాళ్లకి చెప్పాలని మేమే షరతు పెట్టుకున్నాం. దానికి ఒప్పుకున్నారు, ఎందుకంటే ఒకళ్లు నేర్చుకుంటే అందరికీ వస్తుంది కదా. ఇప్పటికి ఏడాదిన్నర అయింది, ఇంకా నడుస్తోంది. ఎవరికైనా చెప్పాలి అన్నప్పుడు చదివే తీరే మారిపోతుంది, అది మాత్రం నేను స్వయంగా చూశా.

ఒక కథ చెప్పాలి, ఇది మన ఫీల్డులో అందరూ తెలుసుకోవాల్సింది. 2006లో అమెరికాలో షార్లట్ మెక్లెన్‌బర్గ్ పబ్లిక్ లైబ్రరీలో హెలెన్ బ్లోవర్స్ అనే ఆవిడ స్టాఫ్ కోసం లెర్నింగ్ 2.0 అని పెట్టారు, జనం దాన్ని 23 థింగ్స్ అని పిలిచారు. క్లాసు లేదు, పరీక్ష లేదు. తొమ్మిది వారాల్లో 23 చిన్న చిన్న పనులు, బ్లాగ్ తెరవడం, ఫోటో పెట్టడం, వికీలో రాయడం ఇలాంటివి, ఎవరికి వాళ్లు చేసుకుని తమ బ్లాగులో రాసుకోవాలి. పూర్తి చేసినవాళ్లకి ఒక ఎంపీ3 ప్లేయర్ బహుమతి. తర్వాత ప్రపంచంలో ఎన్నో లైబ్రరీలు దాన్ని తీసుకుని తమకి తగ్గట్టు మార్చుకున్నాయి, ఎవరైనా వాడుకోవచ్చని ఆవిడే ఓపెన్‌గా ఇచ్చేశారు. మీరు కూడా మీ లైబ్రరీకి ఒక లిస్టు రాసుకోండి, 23 అక్కర్లేదు, 10 చాలు. పెద్ద కోర్సులో చేరి మధ్యలో ఆగడం కన్నా ఇరవై నిమిషాల పని ఒకటి పూర్తిచేసి టిక్కు పెట్టుకుంటే మీ తమ్ముడికి కూడా ధైర్యం వస్తుంది.

కథలగంట

పిల్లల సెక్షన్ చూసేవాళ్లు ఎవరైనా ఉంటే వెబ్‌జంక్షన్‌లోనే సూపర్‌చార్జ్‌డ్ స్టోరీటైమ్స్ అని ఒక కోర్సు ఉంది, మన టైంలో మనం చేసుకోవచ్చు. నేను ఇదివరకు కథ చదివి పుస్తకం మూసేసేదాన్ని, ఇప్పుడు మధ్యలో ఆపి "ఈ బొమ్మలో ఏం కనిపిస్తోంది, తర్వాత ఏమవుతుందనుకుంటున్నారు" అని అడుగుతున్నా, మూడేళ్ల పిల్లలు కూడా చెప్పడానికి పోటీ పడుతున్నారు. ఎవ్రీ చైల్డ్ రెడీ టు రీడ్ అని ఇంకోటి ఉంది, మాట్లాడటం, పాడటం, చదవడం, రాయడం, ఆడటం ఈ అయిదూ తల్లిదండ్రులకి ఎలా చెప్పాలో అందులో ఉంటుంది. ఇంగ్లీష్‌లో ఉన్నదాన్ని చూసి మన భాషలో పాటలు, పొడుపు కథలు పెట్టుకుంటే సరిపోతుంది.

పాతపేపర్లు

సర్టిఫికెట్ గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను చెప్తా, కొందరికి నచ్చకపోవచ్చు. సర్టిఫికెట్ దేనికో ముందు తేల్చుకోండి. ప్రమోషన్‌కో రికార్డుకో అయితే ముందు మీ ఆఫీసులో ఏవి లెక్కలోకి తీసుకుంటారో రాతపూర్వకంగా అడగండి, తర్వాతే డబ్బు కట్టండి. నేను ఒకసారి అడక్కుండా డబ్బు కట్టి చేసి సర్టిఫికెట్ తీసుకెళ్తే ఇది మా లిస్టులో లేదన్నారు, చాలా బాధపడ్డా. నేర్చుకోవడానికి మాత్రమే అయితే ఎడ్‌ఎక్స్ అనే కోర్సుల సైట్‌లో చాలా కోర్సులు ఆడిట్ మోడ్‌లో ఫ్రీగా చదవొచ్చు, సర్టిఫికెట్టుకే డబ్బు. ఓపెన్ లైసెన్సులు తయారుచేసే క్రియేటివ్ కామన్స్ వాళ్ల సర్టిఫికెట్ కోర్సు ఉంది, కాపీరైట్ గురించి లైబ్రేరియన్లకి చాలా బాగుంటుంది, దానికి ఫీజు ఉంది, కానీ పాఠాలన్నీ ఓపెన్ లైసెన్స్‌తో బయటే పెట్టారు, ఎవరైనా చదువుకోవచ్చు.

సాయంత్రంషిఫ్ట్ గారితో ఒక్కచోట మాత్రం ఏకీభవించలేను. చిన్న చిన్న పనులే చేసుకుంటూ పోతే కొన్ని విషయాలు ఎప్పటికీ రావు. కేటలాగింగ్, ప్రిజర్వేషన్, వికలాంగులకి సర్వీసులు ఇవ్వడం, ఇవి ఒక వరసలో, కొన్ని వారాలు కూర్చుని నేర్చుకోవాల్సినవే. పాత పేపర్లు స్కాన్ చేయడం నేను ముక్కలు ముక్కలుగా వీడియోలు చూసి మొదలుపెట్టా, ఫైళ్లకి పేర్లు పెట్టే పద్ధతి ముందే నేర్చుకోకపోవడం వల్ల ఆరు నెలల స్కాన్లకి పేర్లన్నీ మళ్లీ మార్చాల్సి వచ్చింది. ఏడాదికి ఒక్కటైనా పూర్తి కోర్సు పెట్టుకోండి.

సాయంత్రంషిఫ్ట్

పాతపేపర్లు గారూ, మీరన్నది నిజమే, నేను మొదలుపెట్టలేకపోతున్నవాళ్ల గురించి ఆలోచించి రాశా. బుధవారం గంటల్ని మూడు నెలలు ఒకే కోర్సుకి వాడుకుంటే అది కూడా కుదురుతుంది, ఈసారి అలా చేసి చూస్తాం.

రిఫరెన్స్‌డెస్క్

ఇంకొకటి మర్చిపోయా. ప్రతి ఏడాది జనవరి 15 నుంచి ఫిబ్రవరి 5 దాకా వికీపీడియా వాళ్లు వన్‌లిబ్ వన్‌రెఫ్ అని నడుపుతారు, 2016లో మొదలైంది, ప్రతి లైబ్రేరియన్ ఒక వ్యాసానికి ఒక మూలం చేర్చాలి అంతే. తెలుగు వికీపీడియాలో మూలాలు లేని వ్యాసాలు బోలెడు ఉన్నాయి. మన షెల్ఫులో ఉన్న పుస్తకం తీసి పేజీ నంబరుతో సహా ఇవ్వడం, ఇంతకు మించిన రిఫరెన్స్ ప్రాక్టీసు నాకు కనబడలేదు. మీ తమ్ముడికి ఇంగ్లీష్ ఇబ్బంది కదా, ఇది పూర్తిగా తెలుగులోనే చేసుకోవచ్చు.

మెట్లపక్కగది

అందరికీ చాలా థ్యాంక్స్ అండీ, ఇంత వివరంగా రాస్తారనుకోలేదు. పది రోజులు ఆగి రాస్తున్నా, ఏమన్నా చేశాకే రాద్దామని.

ఇఫ్లా పేజీ ప్రింటు తీసుకెళ్లా. మొదట మళ్లీ అదే మాట అన్నారు, కానీ నేను రిజిస్టర్ చూపించి గురువారం మధ్యాహ్నం రెండు నుంచి మూడు దాకా ఎంతమంది వస్తున్నారో చెప్పాక నెల రోజులు చూద్దాం అన్నారు. మొదటి గంటలో సిఫ్ట్ మొదలుపెట్టా. తమ్ముడు వికీపీడియా చేస్తానన్నాడు, వాడికి పాత జిల్లా చరిత్ర పుస్తకాలు ఎక్కడున్నాయో నాకన్నా బాగా తెలుసు, వాడి మొహంలో ఆ సంతోషం చూస్తే నాకు కళ్లు చెమ్మగిల్లాయి.

పెద్దాయన పేపర్ చదవడానికి వచ్చారు. ఆ మెసేజ్ ఇంకా ఫోన్‌లోనే ఉంది. పక్కన కూర్చోబెట్టుకుని మెసేజ్‌లో ఉన్న డాక్టర్ పేరు పక్క ట్యాబులో కొట్టాం, ఆ పేరు మీద దొరికినవన్నీ ఆ పొడి అమ్మే పేజీలే. ఆయనే చదివి "అమ్ముకునేవాడేనా" అన్నారు. మందులు మాత్రం మానలేదట, అది విని ఊపిరి పీల్చుకున్నా. తర్వాత ఇంకో రెండు మెసేజ్‌లు తీశారు, అవీ చూద్దామని. ఒకటి చూసేసరికి కౌంటర్ దగ్గర నలుగురు నిలబడ్డారు, రెండోది సోమవారం అని చెప్పా.

కేటలాగ్‌కార్డు గారూ, మా కేటలాగ్‌లో కూడా చూశా, 245లో చాలావాటికి సున్నాలే ఉన్నాయి. ఓపెన్‌రిఫైన్‌లోకి తీసుకురావడానికి కోహా నుంచి డేటా ఎలా తీయాలి?

కేటలాగ్‌కార్డు

మీరు వెతికి చూడటం చాలా సంతోషం మేడమ్. కోహాలో రిపోర్ట్స్ లోకి వెళ్లి రికార్డు నంబరు, టైటిల్, రచయిత ఈ మూడు వచ్చేలా ఒక రిపోర్టు నడిపి సీఎస్‌వీ (పట్టికలా తెరుచుకునే) ఫైలుగా డౌన్‌లోడ్ చేయండి, దాన్ని ఓపెన్‌రిఫైన్‌లో తెరిచి పేర్లు చూసుకోండి. అది తప్పులు కనిపెట్టడానికి మాత్రమే. 245 ఇండికేటర్లు ఆ ఫైలులో రావు, అవి మార్చేది కోహాలోనే. "ద"తో మొదలయ్యే టైటిల్స్ లిస్టు తీసుకుని ముందు ఒక 10 రికార్డులు చేత్తో మార్చి, వెతికి, వరస సరిగ్గా వచ్చిందో లేదో చూడండి. అది సరిగ్గా ఉన్నాకే మిగతావి మొత్తంగా మార్చే సంగతి, దానికి ముందు బ్యాకప్ తప్పకుండా తీయించండి. గురువారం గంటలో ఆ 10 చేసి ఎలా వచ్చిందో ఇక్కడే రాయండి.